ఇరవై ఒకటో జత

నవంబరు 12

ప్రసూతి సెలవు ముగిసింది. కాలేజీకి వెళ్ళి స్టాఫ్‌రూములో అందరికీ లడ్డూలు పంచాను. కెమిస్ట్రీ అరుణకుమారి నా ఫోను లాక్కున్నంత పని చేసింది.

"ఫోటో చూపియ్యండి మేడం! పదకొండేండ్లకు పుట్టిన మారాజు గదా!"

చూపించాను. నిద్రపోతున్న ఫోటో. నా ఫోనులో వాడివన్నీ నిద్రపోతున్న ఫోటోలే. కళ్ళు తెరిచినవి మా ఆయన తీసి పంపుతారు, నేను చెరిపేస్తాను.

"ఎంత బాగా పడుకున్నాడో" అంది.

"అవును, నిద్ర ఎక్కువ వాడికి" అన్నాను. అది అబద్ధం కాదు. ఈ మధ్య అబద్ధం కాని మాటలు ఏరుకోవడంలో నాకు బాగా చెయ్యి తిరిగింది.

ఫస్టియర్ బైపీసీకి కణ విభజన పాఠం నాకోసమే ఆపి ఉంచారట. "మీ చెప్పుల క్లాసు గురించి సీనియర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు హెలెన్ గారూ" అన్నారు ప్రిన్సిపాల్. పోయినేడు అయితే ఆ ఒక్క మాటకు వారం రోజులు మురిసిపోయేదాన్ని. ఈరోజు చేతిలో ఉన్న లడ్డూ కాగితంలో చుట్టి బ్యాగులో వేసుకున్నాను.

నవంబరు 13

ఎక్కడా రాయలేదు కాబట్టి నిజం కాదన్నట్టు తిరుగుతున్నాను. కాబట్టి రాస్తున్నాను. శ్యాంసన్‌కు డౌన్ సిండ్రోమ్. ఇరవై ఒకటో క్రోమోసోము రెండుండాల్సిన చోట మూడున్నాయి. వాడికి రెండో నెలలో గుంటూరు డాక్టరు చెప్పారు.

రాశాను. ఆకాశం ఏమీ ఊడిపడలేదు.

నాకూ ఆయనకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆయన కండక్టరుగా చేసే బస్సు డిపోలో కూడా ఎవరితో అనొద్దని మాట తీసుకున్నాను. అత్తకు "కండరాల బలహీనత" అని చెప్పాం. చెప్పాం కాదు, చెప్పాను. ఆయన పక్కనే నిలబడి కిటికీలోంచి రోడ్డు చూశారు.

శ్యాంసన్ అని, బైబిల్లో మహా బలవంతుడి పేరు పెట్టింది అత్తే. నాకు కడుపు నిలిచిందని తెలిసిన రోజే, మొగపిల్లోడైతే ఇదే పేరు అని తేల్చేసింది. నాలుగు నెలలు దాటుతున్నా మా శ్యాంసన్‌కు మెడ నిలబడలేదు.

నవంబరు 15

పొద్దున్న వాడు ఫ్యానును చూసి నవ్వాడు. గట్టిగా, ఒళ్ళంతా కదిలేలా నవ్వాడు. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. వెంటనే తలుపు వైపు చూశాను, ఎవరైనా చూస్తున్నారేమోనని. ఏ తల్లైనా బిడ్డ నవ్వితే తలుపు వైపు చూస్తుందా?

నవంబరు 17

ఆదివారం. చర్చికి వెళ్ళలేదు. బిడ్డకు జలుబన్నాను. అత్త ఒక్కతే ఊరికి బస్సెక్కి వెళ్ళి వచ్చింది.

మా అత్తగారి ఊరు కొనకనమిట్ల దగ్గర. బిడ్డ కోసం మార్కాపురంలో మా ఇంట్లోనే ఉంటోంది, ఆదివారం మాత్రం వాళ్ళ చర్చి తప్పదు. రాగానే మళ్ళీ అదే మాట.

"కృతజ్ఞత కూడిక ఎప్పుడు పెట్టుకుందామమ్మా? చర్చి అయ్యగారు అడుగుతాండారు. ఇంతకాలం మోకాళ్ళు అరిగిపోయేట్టు ప్రార్థన చేసినా. ఊరందరికీ ఇంత అన్నం పెట్టి, బిడ్డను చూపియ్యకపోతే ఎట్ల?"

బిడ్డను చూపియ్యకపోతే ఎట్ల! అదే గదా నేనూ రోజంతా ఆలోచించేది, చూపించకుండా ఎట్లా అని.

"వాడు కొంచెం పుంజుకోనీ అత్తా" అన్నాను.

నవంబరు 18

అత్త పొద్దున పూట అన్నం మానేసింది. శ్యాంసన్‌కు నయం కావాలని ఉపవాస ప్రార్థన. షుగరు ఉన్న మనిషి. "ఎందుకత్తా ఇవన్నీ, డాక్టరు ఉన్నాడు గదా" అంటే వాడి కాళ్ళకు నూనె రాయడం ఆపలేదు. తరవాత తల ఎత్తకుండానే చెప్పింది.

"డాక్టరుకు తెలియందొకటి ఉంది. నేనే చేసినానమ్మా ఇది. మూడో నెలలో నీకు వాంతులు తగ్గాలని నాగులు కాడికి పోయి పసరు తెచ్చి తాపినా గదా? అదే బిడ్డ నరాలకు పట్టింది."

నాగులు వాళ్ళ ఊళ్ళో గొర్లు కాసే ఆయన. మనుషులకూ గొర్లకూ ఆకు పసరు ఇస్తాడు.

"ఒకపక్క దేవుడా నువ్వే దిక్కని ప్రార్థన, ఇంకోపక్క నాగులు దొడ్డికాడ మంత్రం పెట్టిన పసరు. దేవుని నమ్మినదాన్ని అయితే ఆడికెందుకు పోతా? అందుకే కొట్టినాడు. నన్ను కొట్టాల్సింది, పసిగుడ్డును కొట్టినాడు."

నేను పాలసీసా కడుగుతున్నాను. కడిగిన సీసానే మళ్ళీ కడిగాను.

నవంబరు 19

రాత్రి రాయలేకపోయాను. ఖాళీ పీరియడులో రాస్తున్నాను.

పసరు తాగింది మూడో నెలలో. అప్పటికే వాడి ఒంట్లో నలభై ఏడు క్రోమోసోములున్నాయి. వాడు ఒక్క కణంగా ఉన్నప్పుడే ఉన్నాయి. అసలు తప్పిపోయింది అంతకు ముందే, అండం తయారైనప్పుడు. క్షయకరణ విభజనలో మొదటి చలనదశలో జతలు విడిపోవాలి. ఇరవై ఒకటో జత విడిపోలేదు. ఇది నేను పదిహేనేళ్ళుగా చాక్‌పీసు పట్టుకుని చెబుతున్న పాఠం.

ఒక్క మాట చాలు. "అత్తా, పసరు వల్ల కాదు" అంటే చాలు. కానీ ఆ తరవాత "మరి దేనివల్ల?" అని అడుగుతుంది. అప్పుడు నా అండం సంగతి చెప్పాలి. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి ముసలామెను ఆకలితో కూర్చోబెట్టాను.

సమయం చూసి చెబుతాను. ముందు ఆమె ఆరోగ్యం కుదుటపడాలి.

(పైన రాసింది చదువుకున్నాను. ఆమె ఆరోగ్యం దేనివల్ల చెడుతోందో నాకు తెలియనట్టే రాశాను.)

నవంబరు 20

చెప్పలేదు.

నవంబరు 23

ఇలాంటి పిల్లలు పదిమందిలో ఒకరికి ఈ అదనపు క్రోమోసోము తండ్రి నుంచి కూడా వస్తుందని పుస్తకాల్లో ఉంది. సాయంత్రం ఆయన డ్యూటీ దిగి వచ్చి, యూనిఫాం కూడా విప్పకుండా బిడ్డను ఎత్తుకుని "ఏందిరా శ్యాంసన్, టికెట్టు తీసుకున్నావా?" అని ఆడిస్తుంటే, నేను గుమ్మంలో నిలబడి ఆ పదోవంతు లెక్క వేసుకుంటున్నాను. ఆయనది అయి ఉంటే బాగుండునని అనుకున్నాను.

ఆ వాక్యం కొట్టేశాను, మళ్ళీ రాశాను. నలభైకి దగ్గరపడ్డాక కన్నది నేను. మా అమ్మ కడుపులో ఉన్నప్పుడే నా అండాల్లో ఆ విభజన మొదలై, ప్రథమదశ మధ్యలో ఆగిపోయి ఉంటుంది. డిప్లోటీన్ అనే మెట్టు దగ్గర. అలా ఇన్నేళ్ళు కాచుకుని, చివరికి విడిపోయే వేళకు ఒక జత విడిపోలేదు. దీన్లో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని పిల్లలకైతే చక్కగా చెప్పగలను.

నవంబరు 26

ఈరోజు చెప్పుల క్లాసు. రాసుకోకపోతే ఊపిరాడదు.

ప్రతి ఏడూ చేసేదే. బెంచీలు పక్కకు జరిపి నేల మీద చాక్‌పీసుతో పెద్ద గుండ్రం గీస్తాం, అది కణం. ఇరవై ముగ్గురి చెప్పులు అందులో పోయిస్తాను. ఎడమది నాయన ఇచ్చింది, కుడిది అమ్మ ఇచ్చింది. మొదట అన్నీ కలగాపులగంగా ఉంటాయి, లెప్టోటీన్. తరవాత ఏ చెప్పుకాచెప్పు తన జతను వెతుక్కుని పక్కన చేరుతుంది, జైగోటీన్. పాకిటీన్‌లో రంగు దారాలు ఒకదాని ముక్క ఇంకోదానికి మార్చి కడతారు. డిప్లోటీన్‌లో కొంచెం ఎడం జరుపుతారు, దారం దగ్గర మాత్రం ఇంకా తగులుకుని ఉంటాయి. డయాకైనెసిస్‌లో ఆ పట్టు కూడా చివరికి జారుతుంది. జతలన్నీ మధ్య గీత మీద వరసకట్టాక చలనదశ. ఒక్కో చెప్పుకూ కట్టిన దారం పట్టుకుని అటు ఇరవై ముగ్గురు, ఇటు ఇరవై ముగ్గురు లాగాలి. అటు ఒకటి, ఇటు ఒకటి. ఏ కణానికీ జత దక్కదు. అన్నీ ఒంటి చెప్పులే.

లాగారు. శివకృష్ణ చెప్పుల పట్టీలు ఒకదానిలో ఒకటి ఇరుక్కున్నాయి. రెండూ ఒకే పక్కకు పోయాయి.

"మేడం, రెండూ ఈడికే వచ్చినయ్! ఇది ఇరవై ఒకటో జత అనుకుంటే డౌన్స్ గదా మేడం?" అని అరిచాడు వాడు. తెలివైన పిల్లాడు, ముందే చదువుకుని వచ్చాడు. క్లాసంతా నవ్వింది. చెప్పులను చూసి నవ్వారు, అంతే. నాకు ఆ సంగతి తెలుసు.

మరో ఏడాది అయితే వాడి భుజం తట్టి, అక్కడినుంచే తరవాతి పాఠం అందుకునేదాన్ని. ఈరోజు "అది తప్పు. మళ్ళీ పెట్టండి" అన్నాను. మళ్ళీ పెట్టారు. మళ్ళీ లాగించాను. అన్నీ సరిగ్గా విడిపోయాయి. "మళ్ళీ" అన్నాను. బెల్లు కొట్టాక కూడా ఆపలేదు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. శివకృష్ణ చెప్పులేసుకుంటూ మెల్లగా అడిగాడు. "నేను చెప్పింది తప్పా మేడం?"

తప్పు కాదు నాయనా. పుస్తకంలో ఉన్నదే చెప్పావు. ఈ మాట కూడా వాడితో అనలేదు.

నవంబరు 30

రోశమ్మ పిన్ని బజారుకు వచ్చి ఇంటికి వచ్చింది. అత్త చర్చిలో ఆమె పెద్దరికం గల మనిషి. అత్త టీ పెట్టడానికి లోపలికి వెళ్ళగానే నా పక్కకు జరిగింది.

"సౌభాగ్యమ్మ తాపిన పసరు వికటించిందంట గదమ్మా? మా అందరికీ చెప్పుకోని ఏడ్చింది. చదువుకున్నదానివి, నువ్వెట్ల తాగినావు?"

అత్త వంటింట్లోనే ఉంది. వినపడే దూరమే.

"ఏమో పిన్నీ, పెద్దవాళ్ళు ఇస్తే కాదనలేం గదా" అన్నాను.

అన్నాను. ఎవరూ నా నోరు పట్టి అనిపించలేదు. ఇంతకాలం ఊరుకున్నాను, అంతే అనుకునేదాన్ని. ఈరోజు నా నోటితో ఆమె మీద పెట్టాను. టీ గ్లాసులు తెచ్చిన అత్త చేతులు నాకు కనపడ్డాయి, మొహం చూడలేకపోయాను.

డిసెంబరు 3

నేను కాలేజీ నుంచి వచ్చేసరికి అత్త ఉయ్యాల పక్కన నేల మీద పడి ఉంది. చక్కెర నీళ్ళు తాపితే లేచింది. లేవగానే అడిగింది బిడ్డ ఏడ్చాడా అని.

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక ఆయన నన్ను పెరట్లోకి పిలిచారు. ఎప్పుడూ గొంతెత్తని మనిషి. ఈరోజూ ఎత్తలేదు.

"హెలెన్, మా అమ్మ తిండి మాని చస్తాంది. నేను చెప్పేదానికి ఒక్క నిమిషం పట్టదు. నీకు మాట ఇచ్చినా కాబట్టి ఆగినా. నీకు దేనికి సిగ్గో నాకు అర్థం కావడం లేదు. బిడ్డంటే సిగ్గా?"

"కాదు" అన్నాను. చాలా తొందరగా అన్నాను.

"మరి?"

పాఠం చెప్పేదాన్ని, అందుకని సిగ్గు. అందరి పిల్లలకూ మార్కులు వేసేదాన్ని, అందుకని సిగ్గు. ఇదంతా ఆయనకు చెప్పలేదు. బిడ్డంటే కూడా సిగ్గే. అది అసలే చెప్పలేదు.

ఆదివారమే కూడిక పెట్టాలని అత్త పట్టుబట్టింది. ఈసారి కాదనడానికి నాకు మొహం లేదు. ఆదివారంలోపు చెబుతానని ఆయనకు మాట ఇచ్చాను.

డిసెంబరు 7

రేపే కూడిక. పొద్దునంతా వంట సామాన్ల హడావిడి. ఇంతమంది మధ్య ఎలా చెబుతాను? రేపు అయిపోనీ.

డిసెంబరు 8

అత్తగారి ఊళ్ళో ఇంటి ముందు షామియానా వేశారు. చర్చి వాళ్ళంతా వచ్చారు. వాడికి కుళ్ళాయి కళ్ళ మీదకు వచ్చేలా పెట్టి, శాలువాలో చుట్టి, నా భుజానికి అదుముకుని కూర్చున్నాను. ఎవరైనా చేతులు చాస్తే "ఇప్పుడే పడుకున్నాడు" అన్నాను. వాడు శాలువాలో కళ్ళు తెరిచి నా గాజులతో ఆడుకుంటున్నాడు.

పాటలయ్యాక సుందరరాజు పాస్టరుగారు దేవుడు చేసిన మేళ్ళ గురించి సాక్ష్యాలు చెప్పమన్నారు. అత్త లేచింది. కొత్త చీర కట్టింది. దేవుడు వంశానికి బిడ్డనిచ్చాడని చెబుతుందని అందరం అనుకున్నాం.

"అయ్యగారూ, సంఘమా, నేను పాపం చేసినా" అంది.

పసరు సంగతి మొత్తం చెప్పింది. నాగులు దొడ్డికి ఏ దారిలో పోయిందో, ఎవరూ చూడకుండా కొంగులో ఎట్లా దాచి తెచ్చిందో కూడా చెప్పింది. మోకాళ్ళ మీద పడింది. "నా మనవడి నరాలు నేనే తీసినా. నన్ను క్షమించమని దేవుని అడగండి. నా కోడలు బంగారం. ఇన్నాళ్ళూ నన్ను ఒక్క మాట అనలేదు" అని ఏడ్చింది.

అందరూ నా వైపు తిరిగారు, నేను ఎంత మంచిదాన్నో చూద్దామని. మొగవాళ్ళ వరసలోంచి ఆయన కూడా చూశారు. పాస్టరుగారు ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. నేనూ కళ్ళు మూసుకున్నాను.

నేను లేవలేదు.

డిసెంబరు 9

నా కోడలు బంగారం.

డిసెంబరు 10

చెప్పాను.

కాలేజీకి సెలవు పెట్టాను. ఆయన డ్యూటీకి వెళ్ళారు. అత్త వరండాలో బిడ్డను కాళ్ళ మీద వేసుకుని కూర్చుంది. మాటలు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక గుమ్మం ముందున్న చెప్పులన్నీ తెచ్చి ఆమె ముందు పెట్టాను. పదిహేనేళ్ళ అలవాటు, వేరే దారి నాకు రాదు.

"చెప్పులు లోపలికి తెస్తావేందమ్మా?"

"ఒకటి చూపించాలి అత్తా. మీరు అడ్డం మాట్లాడకండి, మళ్ళీ నాకు ధైర్యం చాలదు."

జతలు పెట్టాను. విడదీశాను. ఒక జతను మాత్రం విడదీయకుండా ఒకే పక్కకు జరిపాను. అవతల నుంచి నాయన చెప్పు ఇంకొకటి వచ్చి చేరితే మూడు అన్నాను. ఆ మూడే శ్యాంసన్ ఒంట్లో ఉన్నాయని, వాడిది బలహీనత కాదని, మందులతో పోయేది కాదని, వాడు ఇట్లాగే పెరుగుతాడని, అన్నీ నెమ్మదిగా నేర్చుకుంటాడని చెప్పాను. ఆమె చెప్పులనే చూస్తోంది.

"ఇది ఎప్పుడు జరిగింది?"

"వాడు కడుపులో పడకముందే. నా అండంలో."

"నేను పసరు తాపకముందే?"

"చాలా ముందే అత్తా."

"అంటే నాగులు ఆకు వల్ల కాదు. దేవుడు నన్ను కొట్టింది గూడా కాదు."

"కాదు."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. ఒక్కసారిగా గాలి పీల్చుకున్న మనిషిలా వెనక్కి గోడకు ఆనుకుంది. తరవాత నా మోకాలి మీద చెయ్యి వేసింది. "నీ తప్పూ లేదు గదమ్మా. లోపల తగులుకున్నదానికి నువ్వేం చేస్తావు?" అంది. నన్ను ఓదారుస్తోంది! అక్కడితో ఆగిపోతే బాగుండునని నాకు ప్రాణం కొట్టుకుంది.

"ఇది నీకు ఎప్పటినుంచి తెలుసు?" అని అడిగింది.

"ఈమధ్యే" అనే మాట నాలుక మీదకు వచ్చింది. మింగాను.

"మీరు పసరు మాట చెప్పిన రోజుకే తెలుసు."

"నేను అన్నం మానేసినప్పుడు?"

"తెలుసు."

"రోశమ్మతో పెద్దోళ్ళు ఇస్తే కాదనలేమని అన్నప్పుడు?"

వినింది. విననట్టు టీ ఇచ్చి వెళ్ళింది. "తెలుసు అత్తా."

"మొన్న అంతమంది ముందర నేను మోకాళ్ళ మీద పడినప్పుడు?"

తల ఊపాను. నా మోకాలి మీది చెయ్యి తీసేసింది. బిడ్డను ఎత్తుకుని లోపలికి వెళ్ళింది. చెప్పులన్నీ నేనే బయట పెట్టాను.

డిసెంబరు 12

నాతో మాట్లాడడం లేదు. బిడ్డతో మాట్లాడుతుంది.

"ఒరే శ్యాంసన్, పాలు పొంగుతాండాయని మీ అమ్మకు చెప్పురా."

నా చేత్తో వండింది తినడం లేదు. ఉపవాసం కాదు ఇది. తనకు తాను ఇంత రొట్టె కాల్చుకుంటోంది. ఆయన చూసీ చూడనట్టు ఉన్నారు. తిడితే బాగుండు.

డిసెంబరు 13

ఆగలేక అడిగాను. "నన్నేం చేయమంటారు అత్తా?"

మొదటిసారి నా కళ్ళలోకి చూసింది. "నేను సంఘం ముందర చెప్పినా. నువ్వు ఇంట్లో నా ఒక్కదానికి చెప్పినావు. నాగులు గొర్లు కాసుకోని బతికేవాడు, వాని నోట గూడా ఊరు మట్టి కొడతాంది."

నాగులు సంగతి నాకు తట్టనే లేదు.

డిసెంబరు 15

ఆదివారం. శాలువా తీసుకుపోలేదు. కుళ్ళాయి పెట్టలేదు.

సాక్ష్యాలు అనగానే లేచాను. బిడ్డను అందరికీ కనపడేలా ముందుకు తిప్పి పట్టుకున్నాను. వాడు కళ్ళు తెరిచి నాలుక బయట పెట్టి అందరినీ చూస్తున్నాడు.

"మా అత్త చెప్పింది నిజం కాదు. పసరు వల్ల కాదు. నాగులుదీ తప్పు లేదు. వీడు నా కడుపులో పడినప్పుడే ఇట్లా పడ్డాడు. డాక్టరు నాకు చెప్పాడు, నేను దాచాను. ఆమె ఏడుస్తుంటే తెలిసీ ఊరుకున్నాను. నా బిడ్డను మీకు చూపడానికి సిగ్గుపడి, ఆమెను బలిచ్చాను."

ఇంతే చెప్పగలిగాను. ఎవరూ ఆమెన్ అనలేదు. వెనక వరసలో గుసగుసలు. రోశమ్మ పిన్ని పెద్దగానే అడిగింది. "అయితే బిడ్డకు నయం కాదా?"

"కాదు పిన్నీ. ఇట్లనే ఉంటాడు."

ఆమె లేచి వచ్చి వాడిని నా చేతుల్లోంచి తీసుకుంది. మొహం దగ్గరగా పెట్టుకుని చూసింది. "అచ్చం వాళ్ళ నాయన విక్టరు నవ్వే" అంది. పక్కామెకు ఇచ్చింది. అలా వాడు చేతులు మారుతూ చివరి వరస దాకా పోయి వచ్చాడు. కొందరు ముద్దుపెట్టుకున్నారు, కొందరు జాలిపడ్డారు. ఒకామె ఎత్తుకోకుండా పక్కకు ఇచ్చేసింది. అదీ చూశాను.

బస్సులో అత్త నా పక్కన కూర్చోలేదు. బిడ్డతో ముందు సీట్లో కూర్చుంది.

ఇంటికి వచ్చి నేను వంటింట్లో నిలబడి ఉంటే, అత్త వచ్చి పీట వాల్చుకుంది.

"హెలెన్" అంది. ఎన్నాళ్ళయిందో నా పేరు ఆ నోట విని. "అన్నం పెట్టు. ఆకలైతాంది."

పెట్టాను. చారు పోశాను. ఆమె తల వంచుకుని తింది, ఇంకొంచెం పెట్టమని పళ్ళెం ముందుకు జరిపింది. తిన్నంతసేపూ నేను గిన్నె పట్టుకుని నిలబడే ఉన్నాను. నన్ను కూర్చోమని అనలేదు.